బాతు ఎందుకు పడటం లేదు?

విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లోనో, గాజువాకలోనో అటక సర్దుతుంటే 1990ల నాటి వీడియో గేమ్ బయటపడటం వింతేమీ కాదు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లుగా మన బజార్లలోకి వచ్చిన సెట్లవి. రెండు కంట్రోలర్లు, నాలుగైదు కేసెట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ. అన్నీ ఉంటాయి, గోడ మీది టీవీకి ఎలా తగిలించాలో మాత్రం తెలియదు.

నిజానికి కావలసిన వైరు ఇంట్లోనే ఉండొచ్చు. కేబుల్ డిజిటైజేషన్ రెండో దశలో, 2013 మార్చి గడువుతో, విశాఖ కూడా చేరింది. ఆ సెట్‌టాప్ బాక్సులతో వచ్చిన పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరే దీనికీ పనికొస్తుంది. పసుపు బొమ్మకు, తెలుపు శబ్దానికి. కొత్త టీవీలు కొన్నింటిలో ఈ మూడింటికీ కలిపి ఒకటే చిన్న రంధ్రం ఉంటుంది. దానికి టీవీతో ఇచ్చిన వైరే వాడాలి. వేరేది పెడితే లోపలి వరుస మారి, బొమ్మ రాకుండా గుర్రుమనే మోత రావచ్చు.

ఆ రంధ్రమూ లేకపోతే కన్వర్టర్ కొనాలి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆ మూడు పిన్నుల ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదీ, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. మనకు కావలసింది మొదటిది. డబ్బా మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసి తీసుకోవాలి.

సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి కేసెట్ పిన్నులు నల్లబడి ఉంటాయి. చిన్నప్పుడు అందరూ ఊదేవారు, కానీ నోటి తడి వాటిని ఇంకా పాడుచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి, బాగా ఆరాక పెట్టాలి.

బొమ్మ వచ్చింది. అయినా మారియో ఎందుకో పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. టీవీలో 4:3 ఎంచుకుంటే సరిపోతుంది. మసక మాత్రం పూర్తిగా పోదు. ఫ్యామికామ్ గీసేది 240 వరుసలే, 4కె తెరకు 2160 ఉన్నాయి. ఒక్కో గీతను తొమ్మిదిగా పరచాలి. ఆ లెక్కలన్నీ వేసుకోవడానికి టీవీకి క్షణంలో కొంత భాగం పడుతుంది. అందుకే బటన్ నొక్కాక ఆలస్యంగా గెంతుతాడు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఎన్ని చేసినా దారికి రానిది తుపాకీ ఒక్కటే. బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగు కోసం చూస్తుంది. పాత పిక్చర్ ట్యూబ్ సిగ్నల్ అందిన వెంటనే దాన్ని గీసేది. కొత్త తెర వెలిగేలోపే ఆట తూటా గురి తప్పిందని తేల్చేస్తుంది. గురి ఎంత బాగున్నా బాతు పడదు.

ఇంట్లో ఆ తుపాకీ ఉన్నవాళ్లు, పనిచేస్తున్న ట్యూబ్ టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి.