రెండు సున్నలు

మా గురువుగారి అముద్రిత శతకమొకటి ఉంది. వారి కుమారులు, డెబ్బై దాటినవారు, చూపు మందగించినా నూట ఎనిమిది వృత్తాలనూ కంప్యూటరులోకి ఎక్కించి, అచ్చుకు ముందు పరిష్కరించమని నాకు పంపారు.

అప్పటికి నేను పైథాన్ నేర్చి, గణవిభజన చేసే ప్రోగ్రామొకటి వ్రాసుకొని ఉన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు కదా! ఫైలు తెరిచి చూడనైనా చూడక దానికి అప్పగించాను. అది ముందుగా పద్యసంఖ్యలు అడ్డురాకుండా అంకెలన్నింటినీ తొలగించి, ఆ పాఠాన్ని అదే ఫైలులో భద్రపరుస్తుంది. ఆపైన గణాలు చూస్తుంది. పదిహేడు పద్యాలలో గణభంగమన్నది. తెరిచి చూస్తే 'నందన' అని ఉండవలసినచోట 'నదన' అని ఉంది. భగణం నగణమైంది. "ఇన్ని సున్నలు మింగితే ఎట్లా? శ్రద్ధ చాలలేదు" అని జాబు వ్రాశాను. పాపం, ఆయన మారు మాటాడక ఇరవై రోజులు కూర్చుని శతకమంతా మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ సున్నలు పోయాయి!

పరిశోధన చేస్తున్న మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు ఇది చెప్పాను. "మామయ్యా, మూలప్రతి ఏదీ?" అన్నది. నా దగ్గర లేదు. పాత మెయిలులోంచి తీసి చూసింది. అందులో సున్నలన్నీ ఉన్నాయి! అయితే అక్కడక్కడ అనుస్వారానికి బదులు తెలుగు అంకె సున్న పడింది. కంటికి రెండూ ఒకటే. యూనికోడులో అనుస్వారం సంఖ్య 3074, అంకె సున్నది 3174. సున్నలను మింగింది నా ప్రోగ్రామే.

నా ముఖం చూసి కాబోలు, ఒక ఉదంతం చెప్పింది. 2006 డిసెంబరులో అమెరికాలోని ఒక ప్రయోగశాలవారు ప్రోటీన్ల ఆకృతులపై 'సైన్స్' పత్రికలో ప్రచురించిన మూడు పత్రాలను ఉపసంహరించుకొన్నారట. సొంతానికి వాడుకొనే ఒక చిన్న ప్రోగ్రాము రెండు నిలువు వరుసలను తారుమారు చేయడంతో, ఆకృతి అద్దంలో బొమ్మలా తిరగబడిందట. అందులో మొదటి పత్రం 2001 నాటిది. అన్నేళ్ళూ ఇతరులు దాన్ని నమ్మి పనిచేశారు.

ఆ తరువాత నాకు పాఠం మొదలైంది. మూలప్రతిని ముట్టరాదు, సవరించినది వేరే ఫైలులో ఉండాలి. జవాబు ముందే తెలిసిన పద్యాలతో ప్రోగ్రామును పరీక్షించాలి. తెలియని అక్షరం కనబడితే అది మౌనంగా తుడిచివేయక ఆగి చెప్పాలి. మార్పులన్నిటికీ గిట్‌లో చరిత్ర ఉండాలి. వింటుంటే సిగ్గేసింది. తాళపత్రాన్ని దిద్దరాదు, పాఠాంతరాలను అడుగున చూపాలి అని ముప్పైయేళ్ళు పాఠం చెప్పిన నోరు నాది.

మరుసటి వారమే బస్సెక్కి ఆయన ఊరికి వెళ్ళి తప్పు ఒప్పుకొన్నాను. కాఫీ ఇచ్చి, ఆయన అడిగినది ఒక్కటే: "అయితే నాన్నగారి పద్యాలలో గణభంగాలు లేనట్లే కదా?"

"లేవండీ. ఎనభయ్యో పద్యంలో యతి ఒక్కటే అనుమానం."

"అది నాన్నగారికీ అనుమానమే" అని నవ్వారు.