మూడో ఏడాది

నెబ్రాస్కా రాష్ట్ర జనాభా సుమారు ఇరవై లక్షలు. మన ఉమ్మడి జిల్లా ఒకదానికంటే తక్కువే. వృత్తి క్రీడల్లో ఆ రాష్ట్రానికంటూ పెద్ద జట్టు ఏదీ లేదు. ఉన్నది ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, దానికో ఫుట్‌బాల్ జట్టు. జట్టు పేరు కార్న్‌హస్కర్స్, అంటే మొక్కజొన్న పొత్తులు ఒలిచేవారు. లింకన్ నగరంలోని మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబరు నుంచి ప్రతి ఆటకూ టిక్కెట్లన్నీ అమ్ముడుపోయినట్టు అధికారిక లెక్క. ఆట రోజున అక్కడ చేరే ఎనభై అయిదు వేల పైచిలుకు జనాన్ని ఒక ఊరిగా లెక్కగడితే, ఒమాహా, లింకన్‌ల తర్వాత రాష్ట్రంలో అదే మూడో పెద్ద నగరమవుతుంది. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి కాదని వేరే చెప్పనక్కర్లేదు. చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ గజం గజంగా భూమిని గెలుచుకునే ఆట అది. రాజకీయాలు రాసేవారికి అంత అపరిచితంగా ఏమీ తోచదు.

ఢిల్లీలో రెండు దశాబ్దాలుగా రాజకీయాలు రాస్తున్నదాన్ని, ఈ ఆట జోలికి ఎందుకు వెళ్లానంటే, అక్కడ నన్ను పట్టుకున్నది ఆట కాదు, ఆశ. ఓ నాయకుడి మీద జనం పెట్టుకునే ఆశ ఎలా పుడుతుంది, ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది, ఎప్పుడు విరుగుతుంది అన్నదే నా వృత్తిలో రోజువారీ సరుకు. నెబ్రాస్కాలో అది ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది.

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లు మూడు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. ఇప్పుడైతే ఏడాదికే జట్టు మారుతున్నారు. నిలిచి ఉండేది హెడ్ కోచ్. అందుకే ఆశ అంతా ఆ ఒక్క మనిషి చుట్టూ అల్లుకుంటుంది. నెబ్రాస్కాకు ఆ అలవాటు చేసినవారు ఇద్దరు. 1962లో వచ్చిన బాబ్ డెవానీ 1970, 1971లలో జాతీయ టైటిళ్లు తెచ్చారు. ఆయన వారసుడు టామ్ ఓస్బోర్న్ 1973 నుంచి 1997 వరకు పాతికేళ్లు కోచ్‌గా ఉండి 255 విజయాలు సాధించారు. ఓడినవి 49, సమమైనవి 3. 1994, 1995, 1997లలో టైటిళ్లు.

అయితే ఓస్బోర్న్‌ను అక్కడివారు తలుచుకునేటప్పుడు టైటిళ్లకంటే ముందు ఒక ఓటమినే చెప్పుకోవడం నేను గమనించాను. 1984 జనవరి 2న మయామిలో ఆరెంజ్ బౌల్. ఆ ఏడాది నెబ్రాస్కా అజేయంగా వచ్చింది. చివరి నిమిషంలో టచ్‌డౌన్ సాధించి 31-30కి చేరింది. ఒక పాయింటు తెచ్చే సులువైన కిక్ కొడితే స్కోరు సమం. అప్పట్లో అదనపు సమయం లేదు. సమమైనా జాతీయ టైటిల్ దాదాపుగా నెబ్రాస్కాదే. ఓస్బోర్న్ కిక్ వద్దన్నారు. రెండు పాయింట్ల ప్రయత్నానికే సిగ్నల్ ఇచ్చారు. బంతి చేజారింది, టైటిలూ చేజారింది. సమం చేసి టైటిల్ పుచ్చుకోవడం గెలవడం కాదనుకున్న మనిషి మీద ఒక రాష్ట్రం నమ్మకం పెట్టుకోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. మన చట్టసభల్లో మెజారిటీ తక్కువైన రాత్రి జరిగే వ్యవహారాలు చూసినవారికి ఆ నిర్ణయం విలువ ఇంకాస్త బాగా తెలుస్తుంది.

ఓస్బోర్న్ తర్వాతి చరిత్రను తొందరగా దాటేయవచ్చు, అక్కడి అభిమానులూ అలాగే దాటేస్తారు. ఆయన శిష్యుడు ఫ్రాంక్ సోలిచ్ 2001 సీజన్‌లో జట్టును జాతీయ టైటిల్ పోరు దాకా తీసుకెళ్లారు. 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడినా ఉద్యోగం పోయింది. జట్టు సాధారణ స్థాయికి జారిపోతుంటే చూస్తూ ఊరుకోలేనని క్రీడావిభాగం అధిపతి సెలవిచ్చారు. మరుసటి ఏడాదే, 1961 తర్వాత మొదటిసారి, గెలుపులకంటే ఓటములు ఎక్కువయ్యాయి. తర్వాత ఏటా తొమ్మిదికి తగ్గకుండా గెలిచిన బో పెలీనీని 2014లో పంపించారు. ఆశకు ఓర్పు ఒక ముఖమైతే అసహనం రెండో ముఖం. జ్ఞాపకం ఎంత వైభవంగా ఉంటే వర్తమానం అంత చిన్నబోతుంది. 2018లో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చారు. నెబ్రాస్కా పల్లె బిడ్డ, 1997 టైటిల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంతకుముందు ఏడాదే సెంట్రల్ ఫ్లోరిడా జట్టును అజేయంగా నడిపినవాడు. ఇంటి కొడుకు ఇల్లు నిలబెడతాడనుకున్నారు. 16 గెలిచి 31 ఓడారు. 2021లో తొమ్మిది ఓటములూ తొమ్మిది పాయింట్లకు మించని తేడాతోనే వచ్చాయి. ఆశను అంతకంటే క్రూరంగా బతికించే పద్ధతి మరొకటి లేదు. 2022 సెప్టెంబరులో జార్జియా సదరన్ చేతిలో సొంతగడ్డపై ఓడిన మర్నాడే ఫ్రాస్ట్‌ను తొలగించారు. అక్టోబరు 1 దాకా ఆగి ఉంటే చెల్లించవలసిన పరిహారం కోటీ యాభై లక్షల డాలర్ల నుంచి సగానికి తగ్గేది. ఆగలేదు.

ఆ కుర్చీలోకి వచ్చినవారే ఇప్పటి కోచ్ మ్యాట్ రూల్. ఎనిమిదేళ్ల ఒప్పందం, 7.4 కోట్ల డాలర్లు. ఆయనతో పాటు ఒక సిద్ధాంతం కూడా లింకన్‌లో దిగింది. టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆయన మొదటి ఏడాది గెలిచినవి 2, రెండో ఏడాది 6, మూడో ఏడాది 10. బేలర్‌లో మొదట 1, తర్వాత 7, మూడో ఏడాది 11. కాబట్టి మూడో ఏడాది దాకా ఆగాలి.

ఒమాహాలో పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్న కొడుకు ఈ సిద్ధాంతానికి నాకు తెలిసిన తొలి ప్రచారకుడు. ఏలూరులో పుట్టి క్రికెట్ తప్ప మరొకటి ఎరగని వాడు, ఇప్పుడు శనివారం వస్తే ఎర్ర చొక్కా తప్ప వేయడు. 2023లో జట్టు మొదటి ఎనిమిది ఆటల్లో అయిదు గెలిచి, చివరి నాలుగూ ఓడిపోయి 5-7 దగ్గర ఆగింది. ఫోన్లో పరామర్శించబోతే, "అక్కా, ఇది మొదటి ఏడాదే కదా, మూడో ఏడాది చూడు" అన్నాడు. వాడి గొంతులో దిగులు వెతికాను, దొరకలేదు.

2024 అధ్యక్ష ఎన్నికల కోసం నేను ఒమాహా వెళ్లాను. నెబ్రాస్కా తన అయిదు ఎలక్టోరల్ ఓట్లను విడగొట్టి ఇచ్చే రాష్ట్రం. ఒమాహా ఉన్న రెండో జిల్లాలో ఇళ్ల ముందు పచ్చికలో నీలి చుక్క బోర్డులు. అక్కడే సెనేట్‌కు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన డాన్ ఓస్బోర్న్ బోర్డులు కూడా. కోచ్ ఓస్బోర్న్‌తో పేరు పోలిక తప్ప సంబంధం లేదు. పోలింగ్‌కు మూడు రోజుల ముందు, నవంబరు 2 శనివారం, తమ్ముడు నన్ను లింకన్ లాక్కెళ్లాడు. ప్రత్యర్థి యుసిఎల్‌ఏ అప్పటికి రెండే గెలిచి అయిదు ఓడిన జట్టు. నెబ్రాస్కా ఇంకొక్కటి గెలిస్తే ఏళ్ల తరబడి దక్కని సీజన్ చివరి బౌల్ ఆటకు అర్హత వస్తుంది. 27-20తో ఓడింది. మా వెనుక వరసలో ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, ఆట సాంతం కోచ్‌ను, రెఫరీలను, వాతావరణాన్ని తిడుతూనే ఉన్నాడు. ఆట ముగిశాక లేచి నిలబడి, మైదానం వీడుతున్న ప్రత్యర్థి కుర్రాళ్లకు చప్పట్లు కొట్టాడు. ఆయన ఒక్కడే కాదు, చుట్టుపక్కల చాలామంది. అది అక్కడి ఆనవాయితీ అని తమ్ముడు చెప్పాడు. మూడు రోజుల తర్వాత జరగబోయే లెక్కింపులో ఓడినవారు గెలిచినవారికి చప్పట్లు కొట్టే దృశ్యం ఆ దేశంలో గానీ మన దేశంలో గానీ ఊహించడం కష్టమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ రాష్ట్రం తన దేవుణ్ణి ఎన్నికల్లో ఓడించింది. టామ్ ఓస్బోర్న్ 2000లో కాంగ్రెస్‌కు 80 శాతానికి పైగా ఓట్లతో ఎన్నికయ్యారు. 2006లో గవర్నరు పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో నిలబడితే, పదవిలో ఉన్న డేవ్ హైనెమాన్ చేతిలో ఓడిపోయారు. పత్రాలు లేని వలస కుటుంబాల పిల్లలకు విశ్వవిద్యాలయాల్లో స్థానిక విద్యార్థుల ఫీజే ఉండాలన్న బిల్లును హైనెమాన్ వీటో చేస్తే, ఓస్బోర్న్ ఆ బిల్లు వైపు నిలిచారు. ఆ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నా సానుభూతి ఓడినవారి వైపే. కానీ శనివారం చప్పట్లు కొట్టిన చేతులు మంగళవారం లెక్క వేరుగా చూసుకున్నాయి. 2009లో చిరంజీవి సభలకు పోటెత్తిన జనాన్ని, ఆ తర్వాత 294లో 18 సీట్లను చూసిన తెలుగు పాఠకులకు ఇది కొత్త పాఠం కాదు. అభిమాని, ఓటరు ఒకే ఒంట్లో వేర్వేరు గదుల్లో కాపురముండగలరు. ఆ రెండు గదుల మధ్య గోడ కూలినప్పుడే చిక్కు.

2024 చివరికి నెబ్రాస్కా 7-6తో ముగించింది. న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజ్‌పై 20-15తో గెలిచి బౌల్ విజయం కూడా దక్కించుకుంది. ఇక మూడో ఏడాది వచ్చింది. 2025 అక్టోబరు ముగిసేసరికి ఆరు గెలుపులు, రెండు ఓటములు. రూల్ చదువుకున్న పెన్ స్టేట్‌లో కోచ్ పదవి ఖాళీ అయింది. ఆయన అటు వెళతారన్న వదంతులు లేవగానే నెబ్రాస్కా ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించింది. రెండు రోజుల తర్వాత సదరన్ కాలిఫోర్నియాతో ఆటలో క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా కాలి ఎముక విరిగింది. పెన్ స్టేట్ చేతిలో 37-10, అయోవా చేతిలో 40-16, చివరి బౌల్‌లో యూటా చేతిలో 44-22. మూడో ఏడాది ఫలితం 7-6. రెండో ఏడాదిదీ అదే.

దీన్ని చూసి నవ్వుకోవడం సులువు. నాకు నవ్వు రాలేదు. మన రాజకీయాల్లోనూ మూడో ఏడాదులు బోలెడు. 1971లో పేదరికాన్ని పొమ్మన్నాం. 2022 నాటికి రైతు ఆదాయం రెట్టింపన్నాం. ఆ గడువు చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఇప్పుడు 2047 అంటున్నాం. వాగ్దానం చేసినవారెవరూ జవాబు చెప్పడానికి మిగలనంత సురక్షితమైన దూరం అది. అయితే నెబ్రాస్కా అభిమానికీ మన పార్టీ కార్యకర్తకూ ఒక తేడా ఉంది. ఆ తేడాలో అభిమానే మెరుగు. అతడి ముందు స్కోరుబోర్డు ఉంటుంది. 44-22ను 22-44గా చదివే వెసులుబాటు ఎవరికీ లేదు. కోచ్‌ను వెనకేసుకొచ్చేవారు కూడా ఆ అంకె నుంచే మొదలుపెట్టాలి. మన దగ్గర 2017-18 శ్రామిక శక్తి సర్వేలో నిరుద్యోగం 6.1 శాతమని తేలితే, నివేదిక అధికారికంగా వెలువడింది 2019 మే 31న, ఎన్నికలు ముగిసి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన మర్నాడు. అదే ఏడాది వినియోగ వ్యయ సర్వేను విడుదలే చేయలేదు. 2021 జనగణన 2027కు జరిగింది. బోర్డు ఆర్పేసి, ఆట మాత్రం మనమే గెలుస్తున్నామని మైకులో చెప్పడం ఇది. అలాంటిచోట పుట్టే ఆశను ఆశ అనడానికి నాకు నోరు రాదు.

నెబ్రాస్కాను మరీ నెత్తికెత్తుకోవడానికి కూడా లేదు. కోచ్ ఒప్పందం పొడిగించిన శరత్కాలంలోనే ఆ విశ్వవిద్యాలయం లింకన్ ప్రాంగణంలో 2.75 కోట్ల డాలర్ల లోటు పూడ్చుకునే పనిలో పడింది. 2025 డిసెంబరులో రీజెంట్లు నాలుగు విద్యా విభాగాలను రద్దు చేశారు. వాటిలో గణాంక శాస్త్రం ఒకటి. క్రీడల బడ్జెట్ వేరు, అది టిక్కెట్లు, ప్రసార హక్కులు, విరాళాల మీద నడుస్తుంది, తరగతి గది సొమ్ము తినదు. ఈ వాదన నిజమే. కానీ స్టేడియానికి ఎర్ర చొక్కాలు నిండినట్టు, విభాగాల రద్దు రోజున ప్రాచార్యుల వెనుక జనం నిండలేదు. ఏ ప్రభుత్వ సంస్థకైనా తన ప్రజలు దేనికి లేచి నిలబడతారో తెలిసిపోతుంది. దాన్ని బట్టే కోత ఎక్కడ వేయాలో కూడా తెలుస్తుంది. నిండిన స్టేడియాన్ని సమ్మతిగా చదవడం పాలకులకు ఎక్కడైనా అలవాటే.

రయోలా ఆరెగాన్‌కు వెళ్లిపోయాడు. ఇది రూల్‌కు నాలుగో ఏడాది. తమ్ముడితో మొన్న మాట్లాడినప్పుడు మూడో ఏడాది సిద్ధాంతం ఏమైందని అడిగాను. తడుముకోలేదు. "ఓస్బోర్న్‌కి మొదటి టైటిల్ రావడానికి ఇరవై రెండు సీజన్లు పట్టింది కదక్కా" అన్నాడు. ఆ ఇరవై రెండు సీజన్లలో ఒక్కదానిలోనూ ఓస్బోర్న్ గెలుపులు తొమ్మిదికి తగ్గలేదని గుర్తుచేశాను. తెలుసన్నాడు. ఆ అంకె వాడికి నాకంటే బాగా తెలుసు.