చైనుకు నూనె తాపాలె

“సెట్టు మొత్తం మార్చాలె సార్” అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మంచిర్యాలలో ఒక షాపుకు మా అన్న కొడుకు సైకిలు తీసుకుపోయాను. లావు టైర్లు, వెడల్పు హ్యాండిలు, డిస్కు బ్రేకు. క్రూయిజర్ అని చెప్పి అమ్మారు. పెడలు తొక్కినప్పుడల్లా యాక్సిలు దగ్గర కటకటమంటోంది. కప్పు విప్పి, పాత గ్రీజు తుడిచి, అరిగిన గుండ్లు మార్చి బిగిస్తే పోయే రోగం. ఆ అబ్బాయి కనీసం వంగి చూడలేదు. నిలబడ్డచోటి నుంచే తీర్పు చెప్పేశాడు. గుండ్లు విడిగా దొరుకుతాయా అని అడిగితే “ఇప్పుడవెవరు మారుస్తున్నరు సార్” అన్నాడు.

నస్పూర్‌లో పెరిగినవాడికి ఈ మాట మింగుడుపడదు. సీసీసీ నుంచి శ్రీరాంపూర్ దాకా సైకిళ్ళ మీద బతికిన ఊళ్ళివి. షిఫ్టు మారే వేళకు ఆర్‌కే-5, ఆర్‌కే-6, ఆర్‌కే-7 బొగ్గు బాయిలకు పోయే తోవల నిండా బెల్లుల మోతే. వచ్చేవాళ్ళు స్టాండులో సైకిలు పెట్టి మస్టరు కోసం ఉరుకుతుంటే, దిగిపోయేవాళ్ళు నల్లటి మొహాలతోనే ఇంటిదారి పట్టేవారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. ఉన్నవాళ్ళకు మోటారు బండ్లున్నాయి. అది మంచిదే, బాయిలో ఎనిమిది గంటలు ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి ఇంటికి కూడా తొక్కుకుంటూనే రావాలని నేననను. కానీ ఆ సైకిళ్ళతోపాటు వాటిని చూసుకునే తీరు కూడా పోయింది. నా బాధ దాని గురించి.

క్రూయిజర్ అనేది ఏదో నిన్న దిగిన కొత్త సరుకన్నట్టు అమ్ముతున్నారు. అమెరికాలో ష్విన్ కంపెనీ 1933లోనే లావు టైరు సైకిలు తెచ్చింది. 1963లో అదే కంపెనీ స్టింగ్‌రే అని చిన్న చక్రాల సైకిలు తెస్తే, కాలిఫోర్నియాలోని మెక్సికన్ అమెరికన్ పిల్లలు దాన్ని నేలకు దించి, పొడుగాటి సీటు, పైకి లేచిన కొమ్ముల హ్యాండిలు, మెలితిప్పిన క్రోమ్ రాడ్లు పెట్టుకున్నారు. లోరైడర్ అని దానికి పేరు. కొందరైతే ఒక్కో చక్రానికి 144 పుల్లలు వేయించుకుంటారు. ఆ ఫోటోలు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. మోటారు కార్లు కొనే వయసూ డబ్బూ లేని పిల్లలు తమకున్న ఒక్క బండినీ వీధి మొత్తం తిరిగి చూసేలా తీర్చుకున్నారు. అందులో ఎంత మర్యాద ఉందో బాయి కాలనీలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన నల్ల సైకిలు మాత్రం క్రూయిజర్ కాదా? నిటారుగా కూర్చుంటావు. హ్యాండిలు మన వైపుకే వస్తుంది. ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కాబట్టి గతుకులు సగం అదే మింగుతుంది. 28 అంగుళాల చక్రం ఒకసారి ఊపు అందుకుంటే చేతులు వదిలినా తిన్నగా పోతుంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. ఊరూరా ఇళ్ళ ముందు నిలబడ్డ సైకిళ్ళన్నీ దాదాపు ఈ మూడిళ్ళవే. మా బాపుది అట్లాస్, 24 అంగుళాల ఫ్రేము. అట్లాస్‌వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. పేపర్లో ఆ వార్త చదివి ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

బాయి స్టాండులో వందల సైకిళ్ళు, అన్నీ నలుపే. అయినా రాత్రి షిఫ్టు దిగొచ్చిన మనిషి చీకట్లో తన సైకిలు దగ్గరికే సరాసరి పోయేవాడు. ఒకరు ఫ్రేముకు రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లించుకునేవారు. ఇంట్లో ఆడవాళ్ళు సంతబుట్టలు అల్లే వైరే అది, మిగిలినది సైకిలుకు వచ్చేది. పుల్లలకు పూసలు, గ్రిప్పులకు కుచ్చులు, సీటుకు ఝాలరు, వెనక మడ్‌గార్డుకు పేరు రాసిన రబ్బరు. హబ్బు మీద తిరుగుతూ దానంతట అదే దాన్ని తుడిచే కుచ్చు పట్టీ ఒకటి ఉండేది, నాకు అన్నిటికంటే అదిష్టం. బరువులు వేసేవాళ్ళు డబుల్ ఫోర్కు కొట్టించుకునేవారు. బాపుకు సోకులు పట్టవు. ఆయన చేసిందల్లా ఒకటే. పాత ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి క్యారేజీ కడ్డీలన్నిటికీ మెలికలు పడకుండా దగ్గరదగ్గరగా చుట్టాడు, సద్దిగిన్నె చప్పుడు చేయకుండా. ఆ పట్టీల కొసలు ఎక్కడ దోపాడో ఎంత వెతికినా కనపడేవి కావు. నా కంటికి అదే గొప్ప సోకు.

దసరాకు ముందు ఓవరాయిలింగు. సైకిలుకు పసుపుకుంకుమలు పెట్టి బంతిపూల దండ వేసేలోపు దాని లోపల మురికి పోవాలి. కాలనీ మూల మీద సైకిళ్ళు బాగుచేసే చాచా దుకాణం ముందు సైకిళ్ళు వరుస కట్టేవి. ఆయన ముందు రెండు తట్టలు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో గుండ్లు. వెనక హబ్బుకు పావు అంగుళం గుండ్లు వైపుకు 9, ముందుదానికి సన్నవి వైపుకు 10. గ్రీజు మెత్తిన కప్పులో గుండ్లను వేలి కొసతో ఒక్కొక్కటే అద్దేవాడు. కోను బిగించి మళ్ళీ కొద్దిగా వెనక్కి వదిలి, చక్రాన్ని గాలిలో తిప్పి, వాల్వు బరువుకు అదే కిందికి వచ్చి ఆగేదాకా చూసేవాడు. అలా ఆగితే బిగింపు సరిపోయినట్టు. కాటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఎదురు దిక్కున పెట్టాలి, లేకపోతే పెడళ్ళు సరిరేఖలో ఉండవు. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, తెలియనివాడు విప్పబోతే ఇంకా బిగుస్తుంది. ఇవన్నీ నాకు నేర్పింది ఆయనే.

ఒకసారి ఎండిన చైను మీద నేను నూనె కుమ్మరిస్తుంటే చాచా చెయ్యి పట్టుకున్నాడు. “నూనె పొయ్యద్దు బిడ్డా, తాపాలె.” పెడలును వెనక్కి తిప్పుకుంటూ లింకు లింకుకు ఒక చుక్క. లోపలికి ఇంకేదాకా ఆగాలి. పైన మిగిలిందంతా బట్టతో తుడిచెయ్యాలి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. సైకిలును బొగ్గు పాడు చేస్తుందనుకుంటారు అందరూ. బొగ్గు మెత్తనిది, మొహం మాత్రమే నల్లబరుస్తుంది. అసలు తినేది ఇసుక. బొగ్గు తీసిన ఖాళీల్లో నింపడానికి గోదావరి ఇసుక తెచ్చేవారు. ఆ ఇసుక తోవల మీద రాలేది, గాలికి లేచేది. నూనె పూసిన చైను మీద వాలిందంటే ఇక ఆకురాయి పనే. కొత్త చైను కూడా రెండు వానాకాలాలు నిలవదు. పాత సైకిళ్ళకు చైను చుట్టూ మూతపెట్టినట్టు నిండు కవరు ఉండేది అందుకే. ఇప్పటి సైకిళ్ళకు అది తీసేసి, చైను మూడునెలలకే సాగిందంటే కొత్తది కొనుక్కోమంటున్నారు. ఇది న్యాయమేనా?

ఇక మన నల్ల సైకిలు రాడ్డు బ్రేకుల సంగతి. వాటిని నవ్వులాటకు తీసుకునేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. ఆ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి నొక్కవు, లోపలి వైపు నుంచి పైకి పట్టుకుంటాయి. కాబట్టి గుంతలో పడి రిమ్ము కొంచెం పక్కకు వంగినా బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. పక్కల నుంచి పట్టే బ్రేకుకు అంతే వంపు వస్తే చక్రం ఒకచోట రాసుకుంటుంది, ఒకచోట జారిపోతుంది. అయితే రాడ్డు బ్రేకుకు రిమ్ములో ఎత్తుపల్లాలు పనికిరావు. రిమ్ము గుండ్రం చెడిందంటే చెయ్యి మీద గుద్దినట్టు తెలుస్తుంది. అందుకని పుల్లలు బిగించేటప్పుడు ముందు గుండ్రం చూసి, తర్వాత పక్కవంపు చూడాలి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40. ఒక్కటి బిగించాలన్నా ఎదుటి వైపు నుంచి వచ్చే రెండింటిని కాస్త వదలాలి. వానలో ఇనుప రిమ్ము మీద రబ్బరు పట్టదు, ఆ ఒక్కటీ నిజమే. దానికి మందు కూడా ఉంది. ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకును కొద్దికొద్దిగా ఆనించి ఉంచాలి, రిమ్ము తిరుగుతూనే నీళ్ళు తుడుచుకుపోతాయి. ముందుది, వెనకది రెండూ కలిపే పట్టాలి. ముందుది ఒక్కటే గట్టిగా పడితే ఆ వాలు ఫోర్కు సైకిలు కూడా ఆపలేదు, మనిషి హ్యాండిలు మీదుగా పోతాడు.