సంతకానికి ముందు

జెద్దా అజీజియాలో మా పక్క గదిలో ఉండే జగిత్యాల తమ్ముడికి కంపెనీ ఎనిమిదేళ్ల తర్వాత సెలవు చెప్పింది.

"అన్నా, లెక్క మొత్తం ముట్టిందని సంతకం పెట్టమంటున్నరు. పైసలు ఎనుక పంపుతరట" అన్నాడు. అప్పులవాళ్ల గొడవకు భార్య పుట్టింటికి పోయింది. ఉత్త చేతులతో వెళ్తే కాపురం నిలవదని అతని దిగులు.

పెట్టవద్దన్నాను. సౌదీ కార్మిక చట్టం 84వ నిబంధన ప్రకారం యాజమాన్యమే తీసేస్తే మొదటి ఐదేళ్లకు ఏటా అర నెల, ఆపైన ఏటా నెల జీతం ఇవ్వాలి. అతనికి రావలసింది ఐదున్నర నెలల జీతం! ఇవ్వకుంటే 12 నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. ముందు రాజీ ప్రయత్నం. కుదరకపోతే 2018లో మొదలైన లేబర్ కోర్టు.

అతను సంతకం ఆపాడు. డబ్బు ముట్టాకే విమానమెక్కాడు.

మిత్రులారా, అరబ్బీ కాగితం చదివించుకోకుండా సంతకం చేయకండి. దాని వెనుక ఒక ఇల్లు ఉంటుంది.