నీడకూ రంగుంది

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, కాలేజీలో చేరిన కొత్తలో ఎవరైనా "మీ ఊళ్ళో చూడ్డానికి ఏముంది?" అని అడిగితే "ఏముంది? దుమ్ము!" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఒకనాడు లైబ్రరీలో భౌతికశాస్త్రం పుస్తకం కోసం వెతుకుతుంటే ఐరోపా చిత్రకళ గురించిన పెద్ద పుస్తకం చేతికి తగిలింది. తెరిచిన పేజీలో ఒక పల్లెటూరి బాట. పొడవాటి చెట్లు, బాటకు అడ్డంగా వాటి నీడలు, ఒక గుర్రపు బండి, ఒకరిద్దరు మనుషులు, వెనకాల ఇళ్ళు, వాటిమీద ఎండ. అంతే! రాజుల్లేరు, దేవతల్లేరు. కమీల్ పిస్సారో అనే చిత్రకారుడు ఫ్రాన్సులోని వ్వాజాన్ అనే పల్లె ముఖద్వారాన్ని 1872లో అలా చిత్రించాడట. అసలు బొమ్మ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు పిస్సారో ఇల్లు వదిలి లండన్ పోయాడు. ఆ ఇంట్లో శత్రుసైనికులు మకాం పెట్టి, అతడు వదిలి వెళ్ళిన చిత్రాల్లో చాలావాటిని నాశనం చేశారు. 1871లో తిరిగివచ్చి, ఆ చుట్టుపక్కల ఊళ్ళనే మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. ఇది చదివినప్పుడు, గాలివానకు చేను పోయిన మరుసటేడు మళ్ళీ విత్తనం చల్లే మా నాన్న గుర్తుకొచ్చాడు. 1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శన జరిగితే, పిస్సారో వేసిన దుక్కిచేలోని సాళ్ళను చూసి, మురికి గుడ్డమీద గోకిన రంగని ఒక విమర్శకుడు వెక్కిరించాడట. నా "దుమ్ము" మాట నాకే గుచ్చుకుంది.

సంక్రాంతి సెలవులకు ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాను. అరుగుమీద కూర్చుని చూస్తుంటే నాన్న వచ్చి "ఏందిరా అది?" అన్నాడు. "నీకు తెలీదులే నాన్నా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన పట్టించుకోలేదు. పక్కన కూర్చుని బొమ్మవంక చూశాడు.

"పొద్దు బాగా కిందుందే. చెట్లకింకా ఆకు పలచన. చలి పూర్తిగా పోలేదురా అక్కడ."

నేను తెల్లబోయాను. నీడల పొడవునుబట్టి సూర్యుడి ఎత్తు లెక్కకట్టడం పరీక్షలో రాశానే గాని, ఈ బొమ్మలో నాకది తట్టలేదు! పరువు నిలుపుకోవాలని, నీడలు నల్లగా ఎందుకు లేవో వివరించాను. ఎండ తగలని చోటికి కూడా ఆకాశపు వెలుగు అందుతుంది. కాంతి పరిక్షేపణం వల్ల ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ. దీన్ని లార్డ్ రేలీ 1871లో, అంటే ఈ బొమ్మకు సరిగ్గా ఏడాది ముందు, లెక్కకట్టి చూపించాడు.

నాన్న అంతా విని, ఎదురింటి సున్నం గోడకేసి చెయ్యి చూపించాడు. వేపచెట్టు నీడ దానిమీద లేత నీలంగా పడివుంది. "రోజూ కనపడేదేగా!" అని నవ్వాడు.

ఇరవయ్యేళ్ళుగా ఆ గోడ ఎదురుగా పెరిగాను. ఒక్కసారీ చూడలేదు.

లేవబోతూ నాన్న మళ్ళీ బొమ్మమీదికి వంగాడు. "ఆ బండాయన ఏం పంట వేస్తాడో? ఆ ఏడు పండిందో లేదో పాపం!"

పుస్తకమంతా తిరగేశాను. ఆ సంగతి ఎవరూ రాయలేదు.