ముల్లు పావు మీద

ఈ సంచికకి మా తాత జీపు గురించి రాయమని అడిగితే, నాలుగు ఫొటోలు పంపేసి తప్పించుకుందాం అనుకున్నా. కానీ ఆ జీపు విషయంలో నేను నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్న సంగతి ఒకటుంది. అది రాయకుండా ఫొటోలు పెడితే బాగుండదు. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు. తప్పులుంటే కామెంట్లలో తిట్టండి.

మాది 1944 నాటి ఫోర్డ్ జీపు. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ ఒకే డిజైన్ మీద ఆరు లక్షలకు పైగా చేశాయి. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అని కొట్టారు, చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టడం నాకో ఆట. అమెరికన్ ఆర్మీ కాగితాల్లో దాని అసలు పేరు 'పావు టన్ను ట్రక్కు'. మిలటరీ డిస్పోజల్‌లో అమ్మేసిన ఆ బండి చేతులు మారి మారి మా ముత్తాత దగ్గరికొచ్చింది. అప్పట్లో కొండాపూర్ దగ్గర మాకు పొలం ఉండేది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు కూడా తాత ఇదే జీపులో ఎరువు బస్తాలు వేసుకుని తిరిగేవాడట. ఇప్పుడు పొలం లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జీపుంది. అమ్మేద్దామని నాన్న మూడేళ్లుగా అంటున్నాడు.

యుద్ధకాలం జీపులన్నీ 6 వోల్టులవే. 1950లో వచ్చిన ఎం38 నుంచి మిలటరీ జీపులు 24కి పోయాయి, మామూలు కార్లు 12కి వచ్చాయి, మా బండి మాత్రం అక్కడే ఉండిపోయింది. బ్యాటరీ పోయి 6 వోల్టులది కావాలని అడిగితే షాపతను "పిల్లల బొమ్మ కారుకా?" అన్నాడు. అందుకే ఈ వేసవిలో మెకానిక్ భాయ్ మొత్తం 12కి మార్చేశాడు. బ్యాటరీ, డైనమో, కాయిల్, బల్బులు అన్నీ.

డాష్‌బోర్డు మీద ఐదు మీటర్లుంటాయి. నాలుగింటికి ఈ మార్పుతో పనే లేదు. స్పీడోమీటర్ కేబుల్‌తో తిరుగుతుంది. ఆయిల్ ప్రెషర్, ఇంజను వేడి చూపించేవి సన్న గొట్టాలతో పనిచేస్తాయి. ఆమీటర్‌కి ఎన్ని ఆంపులు పోతున్నాయన్నదే లెక్క, వోల్టులు ఎన్నైనా దానికి ఒకటే. మిగిలింది పెట్రోల్ మీటర్. అది ముప్పై ఏళ్లుగా పనిచెయ్యట్లేదు. జీపులో ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది కదా, తాత సీటు ఎత్తి, మూత తీసి, వెదురు బద్ద ముంచి చూసేవాడు. బద్ద మీద ఐదు లీటర్లకొకటి చొప్పున కత్తితో గీసిన గీతలున్నాయి.

"దాన్ని ఒదిలెయ్, పన్నెండు ఇస్తే కాలిపోతది" అన్నాడు భాయ్.

"అది నేను చూస్కుంటా తాతా" అన్నా. పన్నెండుని రెండుతో భాగించడం కంప్యూటర్ సైన్స్‌వాడికి రాదా?

తెగిన వైరు అతికించి మల్టీమీటర్ పెట్టా. ట్యాంకులో ఫ్లోట్ పైకీ కిందికీ కదిలితే నిరోధం మారుతుంది, నిండుగా ఉంటే 10 ఓములు, ఖాళీ అయితే 73. డాష్‌బోర్డులో మీటరుది 20. నిండు ట్యాంకుకి మొత్తం 30 ఓములు, 6 వోల్టుల మీద 200 మిల్లీఆంపులు. 12 ఇచ్చినా అదే 200 రావాలంటే ఇంకో 30 ఓములు సిరీస్‌లో పెడితే సరి. కోఠి గుజరాతీ గల్లీలో 15 ఓముల సిమెంట్ రెసిస్టర్లు రెండు కొన్నా, ఒక్కోటి 5 వాట్లది. ట్యాంకు నింపాం. ముల్లు లేచి సరిగ్గా 'ఫుల్' మీద నిలబడింది.

"ముప్పై ఏండ్లకు లేసింది బిడ్డా" అని తాత అందరికీ ఫోన్ చేసి చెప్పాడు. బద్దని సెల్లార్ మూలన పడేశాడు.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం, ఆఫీసులు వదిలే టైమ్‌లో, రాయదుర్గంలో టీ-హబ్ దగ్గర జీపు ఆగిపోయింది. వెనకాల క్యాబులు, కంపెనీ బస్సులు, హారన్లు. తాత ఒక్కడే ఉన్నాడు. ఎవరో ఐడీ కార్డు కుర్రాళ్లు పక్కకి తోశారట. నాన్న సీసాలో పెట్రోల్ పట్టుకుని వెళ్లాడు.

"ముల్లు పావు మీదనే ఉండెరా" అన్నాడు తాత ఇంటికొచ్చాక.

"నీకు కళ్లు కనిపించట్లేదు నాన్నా. డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంక చాలు" అని నాన్న తాళంచెవి తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు.

ఆ రాత్రే నేను మళ్లీ లెక్క వేశా. నేను చూసుకున్నది నిండు ట్యాంకు ఒక్కటే. ఒక్క టెస్ట్ కేస్ పాసైందని సబ్మిట్ కొట్టినట్టు. రెసిస్టర్ ఎప్పుడూ సగమే తినదు, తన గుండా ఎంత కరెంటు పోతే దాన్నిబట్టి తింటుంది. ఖాళీ ట్యాంకుకి పాత పద్ధతిలో 6ని 93తో భాగిస్తే 65 మిల్లీఆంపులు. నా పద్ధతిలో 12ని 123తో భాగిస్తే 98. 65 నుంచి 200 దాకా ముల్లు తిరిగే దూరంలో 98 అంటే దాదాపు పావు. ఇంజను నడుస్తుంటే 14 వోల్టులొస్తాయి, అప్పుడు ఇంకా పైకే. తాత కరెక్టుగానే చూశాడు. చుక్క పెట్రోల్ లేని ట్యాంకుకి పావు చూపించింది నేను.

తెలిశాక కూడా చెప్పలేదు. శనివారం చెప్పలేదు, ఆదివారం చెప్పలేదు. ఇంటర్నల్స్ ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నా. మంగళవారం రాత్రి తాత నా గదిలోకి వచ్చి, మెల్లగా, నాన్నకి వినపడకుండా అడిగాడు: "కంటి డాక్టర్ దగ్గరికి తోల్కపోతవా? గా ముల్లు నాకు సాఫ్‌గ కనపడ్డట్టే అనిపించింది మరి."

అన్నం తింటున్నప్పుడు ఇద్దరి ముందూ చెప్పేశా. కాగితం మీద 93, 123 అన్నీ వేసి చూపించా. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తాత మాత్రం కాగితం వంక చూడనే లేదు.

"గట్లనా? అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయన్నట్టు" అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆయన తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

రెండోసారి ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ బోర్డు వాడా, వంద రూపాయల లోపే వస్తుంది. లోపల సెకనుకి లక్షన్నర సార్లు ఆన్, ఆఫ్ అవుతూ, ఇటు 12 ఇచ్చినా 14 ఇచ్చినా, మీటరు ఎంత కరెంటు లాగినా, అటు 6 వోల్టులే పంపిస్తుంది. ముందు చెయ్యాల్సింది ఇదే. ఈసారి ఫ్లోట్ బయటికి తీసి, పక్కన తాత బద్ద నిలబెట్టి, ఒక్కో గీత ఎత్తులో చేత్తో పట్టుకుని, ముల్లు ఎక్కడుందో రాసుకున్నా. పదకొండు గీతలు. ఖాళీ దగ్గర ముల్లు పూర్తిగా పడుకుంది. దాన్ని మూడుసార్లు చూశా.

తాళంచెవి మళ్లీ తాత జేబులోకి వచ్చింది. నాన్న అమ్మకం మాట మానలేదు కానీ కళ్ల మాట ఎత్తట్లేదు. బద్ద కూడా మళ్లీ సీటు కిందికి చేరింది. మొన్న ఆదివారం తాత సీటు ఎత్తి, బద్ద ముంచి, గీత చూసి, లేచి ముల్లు చూశాడు. రెండూ ఒకటే చెప్తున్నాయి.

"సరిపోయింది కదా తాతా, ఇంక అది అవసరమా?" అన్నా.

"ఇంకో నెల సూద్దాం" అని బద్దని గుడ్డతో తుడుచుకున్నాడు.