ముసుగుతన్నిన ఇన్నోవా

ఇంటికి ఇన్నోవా వస్తే గానీ మనకు చుట్టాలు ఎంతమందో తెలియదు. అప్పటిదాకా బస్సు టైములు కనుక్కునేవాళ్ళంతా "బండి ఉందిగా" అనడం మొదలుపెడతారు. 2000లో క్వాలిస్ వచ్చినప్పటి నుంచీ ఉన్న ముచ్చటే ఇది. 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది, 2016లో క్రిస్టా వచ్చింది, చుట్టాలు మాత్రం మారలేదు. తిరుపతి మొక్కులూ, శ్రీశైలం ప్రయాణాలూ, పెళ్ళిచూపులూ, ఒడుగులూ అన్నీ అందులోనే. మిగతా రోజుల్లో మాత్రం దానికి పని ఉండదు. ఆఫీసుకు స్కూటరో మెట్రోనో చాలు కదా. హైదరాబాద్ కాలనీల్లో నూటయాభై గజాల్లో ఇల్లు కట్టినవాళ్ళు పిల్లర్ల మధ్య వదిలే జాగా చిన్న కారుకే సరిపోతుంది. క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు. ముందు బంపర్ గడప దాకా వచ్చినా వెనక బంపర్ గేటు దాటే ఉంటుంది. అందుకని బండి వీధిలో ఉండిపోతుంది. వీధిలో పెట్టాక కవర్ తప్పదు.

రాణీగంజ్‌కి వెళ్ళినా, బెజవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా షాపువాడి నోట్లోంచి మొదట ఊడిపడే మాట 'వాటర్‌ప్రూఫ్'. మగ్గుతో నీళ్ళు తెచ్చి గుడ్డ మీద పోసి, కింద అరచెయ్యి పెట్టి "చూడన్నా, చుక్క దిగితే అడుగు" అంటాడు. నిజమే, దిగదు. దిగితే మాత్రం కొంప మునిగేదేముంది? కారు వానకు కరిగే సరుకు కాదు. కుండపోతగా కురుస్తున్నా దాన్ని రోడ్డెక్కిస్తాం. తడిసి ఆరిన బండికి పోయేదేమీ లేదు, తడి ఆరనివ్వని బండికే తిప్పలన్నీ. పైనుంచి నీటిని దిగనివ్వని గుడ్డ లోపలి ఆవిరినీ పైకి పోనివ్వదు. వర్షాకాలంలో నేల నుంచి లేచే చెమ్మ, తెల్లవారుజామున పట్టే మంచు దాని కిందే మగ్గుతాయి. నాలుగు రోజులు తియ్యకుండా వదిలేస్తే తలుపు తియ్యగానే బూజు వాసన కొడుతుంది, పెయింటు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. పైగా ఆ వాటర్‌ప్రూఫ్ గుడ్డను కుట్టేది సూదితోనే కదా. షాపువాడు మగ్గు నీళ్ళు ఎప్పుడూ గుడ్డ నడిమధ్యన పోస్తాడు, కుట్టు మీద పొయ్యమనండి చూద్దాం.

మన దగ్గర బండిని తినేది ఎండ. రెంటచింతల, రామగుండం పేర్లు మే నెల పేపర్లలో నలభై అయిదు డిగ్రీల పక్కన కనబడుతుంటాయి. హైదరాబాద్ అంత కాకపోయినా తక్కువేం తినలేదు. రంగు మీద మెరుపు కోసం వేసే క్లియర్ కోట్ తల వెంట్రుక మందం కూడా ఉండదు. అతినీలలోహిత కిరణాలకు ముందు పోయేది అదే, అందులోనూ ఎండ నిలువునా పడే టాపు మీద, బానెట్ మీద. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది, నల్ల బీడింగులు తెల్లబారి పగుళ్ళిస్తాయి, డ్యాష్‌బోర్డు వెలిసిపోతుంది. నీడ ఉంది కదా అని చెట్టు కింద పెడితే ఇంకో రకం గోల. వేప జిగురు కారుతుంది, ఎండాకాలం మొదట్లో కానుగ పూలు రాలి వైపర్ల కింద మేటలు వేస్తాయి. పిట్టలు రెట్ట వెయ్యనే వేస్తాయి. ఎండకు పెయింటు కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి కుంచించుకునేటప్పుడు ఎండిన రెట్ట అంచుల ఆకారాన్నే పట్టేస్తుంది. అందుకే కడిగినా మచ్చ పోదు. ఎండలో పెట్టినా, నీడలో పెట్టినా బండి మీద ఒక గుడ్డ ఉండాలి. దాని పని అంతే.

కాబట్టి షాపులో నేను చేసే పరీక్షలు వేరు. వెండి పూత వేసిన గుడ్డ అయితే బొటనవేలితో గట్టిగా రుద్దుతాను. వేలికి తగరం రంగు అంటుకుంటే అక్కడే వదిలెయ్యాలి. ఇవాళ వేలికి అంటింది రేపు తెల్లబండికి అంటుకోదా? తర్వాత గుడ్డను మూతికి ఆనించి ఊదడం. అవతల పెట్టిన చేతికి కాస్తయినా గాలి తగిలితే తేమ పోయే దారి ఉన్నట్టే. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. చివరగా లోపలి వైపు. టఫెటా అని అమ్మేది పలచగా, తేలిగ్గా, లైనింగు గుడ్డలా జారుతుంటుంది. మ్యాటీ అనేది గళ్ళ నేత, దళసరి, గట్టిది. కానీ లోపల మెత్తటి పొర లేకపోతే బండికి గరుకుగా తగులుతుంది. కొన్నింటికి అద్దాల దగ్గర చెవుల్లాంటి సంచులు కుట్టి ఉంటాయి. అవి తప్పకుండా ఉండాలి. ఉంటే గుడ్డ బిగువుగా కూర్చుంటుంది. రంగు విషయంలో నేవీ బ్లూ అందంగానే ఉంటుంది గానీ, ఎండను తాగి లోపల వేడి పెంచేదీ అదే. వెలిసిపోయినా వెండి రంగే మేలు.

కొలత దగ్గర మొహమాటం పనికిరాదు. "ఎక్స్ఎల్ తీసుకెళ్ళు సార్, అన్ని పెద్ద బండ్లకీ పడుతుంది" అన్న చోట ఆగకూడదు. అన్నింటికీ పట్టేది దేనికీ అమరదు. క్రిస్టాకు క్రిస్టా కవరే, దాన్ని పాత ఇన్నోవాకు తొడిగితే వేలాడుతుంది. వదులు గుడ్డ గాలికి రెపరెపలాడుతూ రోజంతా పెయింటును తోముతుంది. విశాఖ బీచ్ వైపు ఇళ్ళుంటే మరీను. అక్కడ గాలితో పాటు ఉప్పు కూడా వచ్చి చేరుతుంది. కింద ఎలాస్టిక్ ఒక్కటే చాలదు, పొట్ట కింద నుంచి బిగించే బెల్టు కావాలి. బెల్టు కొస అటువైపు విసిరి, అది సగం దారిలో ఆగిపోతే, పొర్లుదండాలు పెట్టకుండా చీపురు కర్రతో లాక్కోవాలి.

ఇంతా చూసి కొన్న కవర్ ఎవరు వేస్తారు? అసలు ఎంపిక ఈ ప్రశ్న దగ్గరే తేలాలి. లెక్క వెయ్యండి. పైకప్పు, రెండు పక్కలు, ముందూ వెనకా కలిపి దాదాపు ముప్పై చదరపు మీటర్ల గుడ్డ. అయిదు చీరలు పరిచినంత. చదరపు మీటరుకు నూటయాభై గ్రాముల బరువున్నా నాలుగున్నర కిలోలు, రెండువందల యాభై అయితే ఏడున్నర. ఇది పొడిగా ఉన్నప్పటి సంగతి. తడిసిందాన్ని ఎత్తి ఆరెయ్యాలంటే ఇద్దరుండాలి, అపార్ట్‌మెంట్ అయితే డాబా మీద ఖాళీ తీగ కూడా ఉండాలి. మా నాన్న వాదన ఒకటే: "గుడ్డ దళసరిగా ఉండాలిరా, పది కాలాల పాటు పడుంటుంది." "సరే నాన్నా, రోజూ వేసేదెవరు?" అంటే జవాబు రాలేదు. దళసరి కవర్ మొదటి వారం రోజూ వేస్తారు, రెండో వారం శనాదివారాలు వేస్తారు, ఆ తర్వాత అది డిక్కీలో మూడో వరస సీటు కింద మడతపడి ఉంటుంది. తేలిక గుడ్డ తొందరగా చిరిగితే చిరగనీ, బండి మీద ఉంటుంది.

ఒక్కరే వెయ్యాలంటే తీసేటప్పుడే చాకచక్యం ఉండాలి. పక్కల గుడ్డను రెండు వైపులా టాపు మీదికి మడిచి, వెనక నుంచి ముందుకు చుట్టుకుంటూ రావాలి. మళ్ళీ వేసేటప్పుడు ఆ చుట్టను బానెట్ మీద పెట్టి వెనక్కి దొర్లిస్తే చాలు. ముందు వైపు ఏదో తెలియడానికి అంచున ఎర్రగుడ్డ ముక్క కుట్టించుకుంటే చీకట్లో తికమక ఉండదు. ఇంజన్ చల్లారాకే వెయ్యాలి, సైలెన్సర్ దగ్గర కాలిన చిల్లు అతుక్కు లొంగదు. దుమ్ము ఉంటే దులపకుండా వెయ్యకూడదు, లాగిన ప్రతిసారీ ఆ ఇసుకే రుద్దుకుని సన్న గీతలు పడతాయి. రోజూ తిరిగే బండికయితే ఈ తతంగమే వద్దు, అద్దాలూ టాపూ కప్పే హాఫ్ కవర్ చాలు.

ఎలుకల సంగతి ఒకటుంది. ముసుగుతన్ని రోజుల తరబడి కదలని బండి వాటికి అడక్కుండా ఇచ్చిన అద్దె ఇల్లు. పొగాకు కాడలు పెట్టేవాళ్ళున్నారు, నాఫ్తలీన్ ఉండలు వేసేవాళ్ళున్నారు. అన్నింటికన్నా వారానికోసారి కవర్ తీసి, బానెట్ ఎత్తి చూసి, ఊళ్ళో ఒక చుట్టు తిప్పి రావడం నయం. బ్యాటరీ కూడా బతుకుతుంది.

ఎంత మంచిదైనా బయట ఎండలో కవర్ కలకాలం ఉండదు. పెయింటు మీద పడాల్సిన దెబ్బ అది తింటుంది కాబట్టి చిరగడం దాని ఉద్యోగంలో భాగమే. అందుకే అందులో గొప్పది కొనడం కన్నా, తగినది కొని అది చిరిగాక ఏడవకుండా మార్చడం మంచి బేరం. కొనాల్సింది కూడా అందరూ పరిగెత్తే జూన్‌లో కాదు. అప్పటికి ఎండాకాలం అంతా బండి నెత్తిన దాటిపోయి ఉంటుంది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయే శివరాత్రి నాటికి వెళితే షాపు ఖాళీగా ఉంటుంది. నాలుగు రకాలు పరిపించుకుని, తీరిగ్గా ఊది చూసుకోవచ్చు.